ఊ కొట్టిన నాటకం

ఆ జనవరిలో, ఊరంతా పసుపు ఉడికే రోజుల్లో, మా ఇంటి అరుగు మీద ఇంకో ఊరు పుట్టింది. ఆ ఊళ్లో ఎవరికీ పేర్లుండవు, నంబర్లే. అందరూ ఒకే రంగు బట్టలు కట్టుకోవాలి, ఒకే రకం ముసుగు తొడుక్కోవాలి, గంట కొట్టగానే ఒక్కసారిగా నవ్వి, రెండో గంటకు ఆపెయ్యాలి. పొద్దున్నే దిద్దుబాటు అధికారి ఎర్ర పెన్ను పట్టుకుని ఇంటింటికీ వస్తాడు. ఎవరి మాటలో తేడా కనబడినా, ఎవరి నడకలో, ఎవరి కూరలో తేడా కనబడినా ఒక గీత గీసి పోతాడు. దాని పేరు సరిచేసిన ఊరు. పుట్టించింది నేనే, పద్మలతను, ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. ఇంత పాడు ఊరిని ఇంత సంతోషంగా ఎవరైనా పుట్టిస్తారా అని అడిగితే ఒక్కటే చెప్పగలను. రాస్తున్నన్ని రోజులూ నాకు ఆకలి బాగా వేసేది.

మా కరస్పాండెంట్ నాగేందర్ సార్ వార్షికోత్సవానికి ఈసారి కొత్త నాటకం కావాలన్నారు. ప్రతి ఏడూ వేసే మొక్కలు నాటే నాటకం తల్లిదండ్రులకు కూడా కంఠతా వచ్చేసింది మరి. పదిహేను రోజుల్లో రాసేశాను. రాసింది ఎవరికో ఒకరికి చదివి వినిపిస్తే తప్ప నాకు అన్నం దిగదు. వినడానికి మా అత్తమ్మ లక్ష్మవ్వ ఉంది. ఆమెతో పాటు రోజూ మా అరుగు మీదికొచ్చి బీడీలు చుట్టే మదీనక్క, ముత్తెమ్మ ఉన్నారు. సాయంత్రం బడి నుంచి వచ్చి, చాయ్ తాగి, వాళ్ల పక్కన గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని.

బీడీలు చుట్టేవాళ్లకు కథ చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. వాళ్ల కళ్లు ఆకు మీద ఉంటాయి, వేళ్లు దారం మీద. చెప్పేవాళ్ల మొహం చూడరు. వింటున్నారని తెలిసేది ఒక్క ఊ కొట్టడంతోనే. చెప్పేవాళ్లు ఎక్కడ ఆగినా ఊ రావాలి. రాలేదంటే కథ నచ్చలేదని, ఆపెయ్యాలి. ఊ వచ్చాక కూడా నోరు మూసుకుని కూర్చుంటే అది చెప్పేవాళ్ల తప్పు. మా అత్తమ్మ నలభై ఏళ్లుగా ఆ అరుగు మీద ఈ చట్టం నడిపిస్తోంది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి ఊపిరి పీల్చుకోవడానికి ఆగినా అత్తమ్మ ఊ కొడుతుంది.

శుక్రవారాలు మస్కట్ నుంచి మా ఆయన దయాకర్ కూడా వీడియో కాల్‌లో వినేవాడు. ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి పెట్టేవాళ్లం. ఆయన ఊ సముద్రం దాటి వచ్చేసరికి నేను తర్వాతి మాటలో ఉండేదాన్ని. వీడు పుట్టుడే పది రోజులు లేటని అత్తమ్మ నవ్వేది. ఆమె నవ్వు కడుపులోంచి వస్తుంది, చాటలో ఆకులు కదులుతాయి.

నంబర్లు, ముసుగులు వింటే వాళ్లు భయపడతారనుకున్నాను. వాళ్లకు అదేమీ వింతగా తోచలేదు. మదీనక్క ఒళ్లో ఉన్న రేకు పైకెత్తి చూపించింది. తునికాకులన్నింటినీ ఒకే కొలతకు కత్తిరించే చిన్న రేకు అది.

"ఆకులన్ని గీ రేకుతోనే కోస్తం బేటీ. అన్ని ఒక్కతీర్గనే ఉంటయి. చుట్టినంక చూడు, నా కట్ట నాదే, లక్ష్మవ్వ కట్ట లక్ష్మవ్వదే. చెయ్యి దాగదు. గా అధికారికి గీ సంగతి ఎర్కలేదు పాపం."

నిజమే. కార్ఖానాలో గుమాస్తా కట్ట మీద ఒకసారి వేలు రాసి అది ఎవరిదో చెప్పేస్తాడు. నేను ఆ మాట అక్కడికక్కడే నాటకంలో రాసుకున్నాను.

గొడవ వచ్చింది ముగింపు దగ్గర. నేను మొదట రాసిన ముగింపులో ముప్పై ఏడో నంబరు పిల్ల ఎదురు మాట్లాడుతుంది, అధికారి ఆమె నంబరును కొట్టేస్తాడు, గంట మోగుతుంది, అందరూ నవ్వుతారు. చదివి ఆగాను. గొప్పగా ఉందని నాకు నేనే అనుకుని గుండె నిండా గాలి పీల్చుకున్నాను. ఊ రాలేదు. అత్తమ్మ దారం తెంపింది, ముత్తెమ్మ ముక్కు తుడుచుకుంది.

"పొల్లను సంపితే మేం ఊ గొట్టం" అంది చివరికి ముత్తెమ్మ.

రాసేవాళ్లను ఇలా బెదిరించడం కూడా సెన్సారే అవుతుందని వాదించాను. ముత్తెమ్మకు ఆ మాట తెలియదు, తెలిసినా లెక్కచేసే మనిషి కాదు. మూడు సాయంత్రాలు నాకు ఊ లేదు. నాలుగో రోజు ముగింపు మార్చుకుని వచ్చాను. ఇప్పుడు నువ్వెవరని అధికారి అడిగితే, ఆ పిల్ల ముసుగు తీసి తన పేరు చెబుతుంది. ఏం పేరు పెట్టాలన్న దగ్గర ముగ్గురూ కొట్టుకున్నారు. అత్తమ్మ వాళ్లమ్మ పేరు పెట్టమంది, మదీనక్క మనుమరాలు నౌరీన్ పేరంది, ముత్తెమ్మ తన పేరే బాగుంటుందంది. తర్వాత చూద్దామని ఆ చోట ఖాళీ వదిలేశాను.

మా అమ్మాయి రుచిత సంగతి ఇక్కడ చెప్పాలి. అదే బడిలో ఎనిమిదో తరగతి. చిన్నప్పుడు దాని నోరు మూయించడానికి చేతిలో బెల్లం ముక్క పెట్టాల్సి వచ్చేది. రెండేళ్లుగా మాట తగ్గిపోయింది. ఎదిగే వయసు, సిగ్గు అనుకునేదాన్ని. అది "పోయిన" అంటే "వెళ్లాను" అని, "గట్ల" అంటే "అలా" అని నేను సరిచేస్తూ ఉండేదాన్ని. టీచర్ కూతురు కదా, ఆ మాత్రం ఉండాలి కదా అని.

ఒక సాయంత్రం నా గొంతు పోయింది. రుచితను చదవమన్నాను. అది రెండు వాక్యాలు నేను రాసినట్టే చదివి, మూడో వాక్యం నుంచి కాగితం చూస్తూనే వాళ్ల అవ్వ భాషలోకి మార్చేసింది. అధికారికి ముక్కులోంచి వచ్చే గొంతు పెట్టింది. చివరి మాటలు చెబుతూ లేచి నిలబడింది.

"నేను ముప్పై ఏడు గాదు. నాకు పేరున్నది. మా అవ్వ పెట్టింది. నేను గిట్లనే మాట్లాడుత, గిట్లనే నవ్వుత."

మాట్లాడుత కాదు, మాట్లాడతాను అనడానికి నోరు తెరిచాను. అంతకంటే ముందే మూడు ఊలు వచ్చిపడ్డాయి. మదీనక్క చుడుతున్న బీడీ విప్పుకుపోయింది. నా బిడ్డ గొంతు అంత పెద్దదన్న సంగతి నేను మరిచిపోయాను. ఆ మాటలను అది అన్నట్టే రాసి, ముప్పై ఏడో నంబరు వేషం దానికే ఇచ్చాను. టీచర్ తన కూతురికే ఇచ్చుకుందని అంటారేమోనని భయపడ్డాను కానీ, రిహార్సల్‌లో దాన్ని చూశాక ఎవరూ అనలేదు.

ఆ రెండు వారాలు ఇంట్లో పండగే. పేపర్ ప్లేట్లకు కళ్లు కత్తిరించి నలభై ముసుగులు చేశాం. అధికారి వేషం మదీనక్క మనుమడు అల్తాఫ్‌ది. వాడికి చీపురు కట్టకు ఎర్ర కాగితం చుట్టి మనిషంత పెన్ను తయారుచేశాం. బడి వెనక కల్లంలో ఉడికిన పసుపు ఆరబోసి ఉండేది. పిల్లలు గంట కొట్టగానే నవ్వడం సాధన చేస్తుంటే, పసుపు తిప్పే కూలీలు పని ఆపి, వాళ్లు కూడా గంటకు నవ్వేవాళ్లు. రుచిత అన్నం తింటూ మాట్లాడేది, స్నానం చేస్తూ మాట్లాడేది. నాకు మళ్లీ బెల్లం ముక్క వెతుక్కోవాలనిపించింది.

వార్షికోత్సవం వారం రోజులుందనగా నాగేందర్ సార్ ఆఫీసుకు పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. డ్రైవర్ రాని రోజు బస్సు తానే నడుపుతారు. కానీ నాలుగు రోడ్ల అవతల ఇంకో బడి తెరిచినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. నా నాటకం కాగితాలు ఆయన ముందున్నాయి.

అధికారి ఎర్ర పెన్ను పట్టుకుంటాడు, గంట కొట్టిస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, చూసేవాళ్లు ఎవరిననుకుంటారని అడిగారు. ప్రత్యేకంగా ఎవరినీ అనుకోరు సార్ అన్నాను. ఆయన తన జేబులోని ఎర్ర పెన్ను తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత చివరి పేజీ తిప్పారు.

"ఇంగ్లిష్ మీడియం బడి మనది. స్టేజి మీద మన పిల్ల గిట్ల గట్ల అని మాట్లాడితే అడ్మిషన్లు ఎట్లొస్తయి మేడమ్? మీరే జెప్పుండ్రి."

ఆయన ఎలా అడిగారో ఆయనకు వినబడలేదు. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. ముప్పై ఏడో నంబరు క్షమాపణ చెప్పి తన నంబరు చెప్పుకుంటుంది, ఆ తర్వాత అందరూ క్రమశిక్షణ గీతం పాడతారు. అలా తేల్చారు సార్. పెన్ను నా వైపు జరిపారు. నేను ఆ పెన్ను తీసుకుని, స్కేలు పెట్టి, నా బిడ్డ మాటలను ఒక్కొక్క వరుసా కొట్టేశాను. కొట్టివేతలు నేను చాలా నీటుగా చేస్తానని బడిలో పేరుంది.

ఇంటికి వచ్చి కాగితం రుచితకిచ్చాను. ముఖ్య అతిథి వస్తున్నారని, సార్ ఇబ్బంది పడుతున్నారని ఏదేదో చెప్పాను. అది ఆ గీతల మీద ఒకసారి వేలు రాసింది.

"గీ గీతలు నాకెర్కే అమ్మా. నా నోట్‌బుక్కులల్ల గూడ గిట్లనే ఉంటయి. గా అధికారిని నువ్వు సార్‌ను జూసి రాసినవనుకున్నవా?"

అది కాగితం మడిచి, ఒక్క తప్పు లేకుండా, నేను నేర్పినట్టే చెప్పింది, సరే అమ్మా, అలాగే చెబుతాను అని. కన్నబిడ్డ అంత చక్కటి తెలుగు మాట్లాడితే ఏడుపొచ్చిన టీచర్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మర్నాటి నుంచి రుచిత అరుగు మీదికి రాలేదు. అత్తమ్మ రెండు రోజులు చూసి అడిగింది. చెప్పాను. సార్ పెన్నుతోనే కొట్టేశానని కూడా చెప్పుకున్నాను, అదేదో నా తప్పు తగ్గిస్తుందన్నట్టు.

"పెన్ను సారుదే. చెయ్యి ఎవలది?" అంది అత్తమ్మ ఆకు మీంచి కళ్లెత్తకుండా. మదీనక్క రేకు పెట్టి ఇంకో ఆకు కోసింది. అనాల్సింది ఎప్పుడో అనేసింది.

వార్షికోత్సవం శుక్రవారం సాయంత్రం. ఆ పొద్దున రుచితకు జడ వేస్తూ, పాత మాటలే చెప్పు బిడ్డా అందామనుకున్నాను. నాలుక చివరిదాకా వచ్చింది. భయపడకు అని మాత్రం అన్నాను. అది అద్దంలో నన్ను చూసి తల ఊపింది. పిరికిదాన్నని నాకు తెలుసు, దానికీ తెలుసు, అద్దానికీ తెలుసు.

మా అరుగు మీది ముగ్గురూ మూడింటికే వచ్చి ముందువరసలో అతిథుల కుర్చీల్లో కూర్చున్నారు. పీటీ సార్ బతిమాలి లేపితే, స్టేజి ముందే జంపఖానా పరిపించుకుని దాని మీద సర్దుకున్నారు. అత్తమ్మ చేతిలో ఫోను, ఫోనులో దయాకర్. ముఖ్య అతిథి ఏర్గట్ల నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టర్ భీమన్న గారు, మెడలో బంతిపూల దండతో కూర్చున్నారు. నాగేందర్ సార్ ఆయన పక్కన కూర్చుని ఆయన మొహమే చూస్తున్నారు. నేను తెర పక్కన కాగితాలతో నిలబడ్డాను. మాట మరిచిపోయినవాళ్లకు అందివ్వడం నా పని.

నాటకం బాగానే సాగింది. నలభై పేపర్ ప్లేట్లు గంట కొట్టగానే నవ్వుతుంటే జనం కూడా నవ్వారు. అల్తాఫ్ చీపురు పెన్నుతో ముత్తెమ్మ నెత్తి మీద కూడా గాల్లో ఒక గీత గీసి చప్పట్లు కొట్టించుకున్నాడు. చివరికి రుచిత ముందుకొచ్చింది. అల్తాఫ్ గంభీరంగా అడిగాడు, నువ్వు ఎవరు అని.

"క్షమించండి. నేను" అని రుచిత ఆగింది.

ముప్పై ఏడును అని నేను అందించాలి. కాగితం మీద అదే ఉంది. నా నోరు పెగల్లేదు. రుచిత మరిచిపోలేదని నాకు తెలుసు, దానికి పాత ముగింపూ వచ్చు, కొత్త ముగింపూ వచ్చు. ఏది చెప్పాలో తెలియక ప్లేటు వెనక నిలబడి ఉంది. మైకు పోయిందేమోనని మైకతను వైరు కదిపాడు.

అప్పుడు జంపఖానా మీంచి వినబడింది.

"ఊ."

అత్తమ్మ కావాలని అనలేదు. అది తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. చెప్పే మనిషి ఆగింది, ఊ కొట్టింది, అంతే. నాటకానికి ఊ కొట్టకూడదని ఆమెకెవరూ చెప్పలేదు. ఆమె వెంట మదీనక్క ఊ అంది, ముత్తెమ్మ ఊ అంది. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అందరి తర్వాత, ఫోన్లోంచి, మస్కట్ నుంచి ఇంకో ఊ వచ్చింది.

ఊ వచ్చాక ఆగకూడదు. రుచిత పుట్టి పెరిగింది ఆ చట్టం కింద. అది మొహం మీంచి ప్లేటు తీసేసింది.

"నేను ముప్పై ఏడు గాదు."

ఊ అన్నారు. ఈసారి వెనక వరసల నుంచి కూడా వచ్చింది.

"నాకు పేరున్నది."

ఈసారి నా పక్కనే, తెర దగ్గర, ఎవరో ఊ కొట్టారు. ఎవరా అని చూశాను. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"నా పేరు రుచిత. మా అవ్వ లక్ష్మవ్వ పెట్టింది. నేను గిట్లనే మాట్లాడుత, గిట్లనే నవ్వుత" అంది. అని నవ్వింది. వాళ్ల అవ్వ నవ్వే, కడుపులోంచి.

తర్వాత జరిగింది నేను రాయలేదు. అల్తాఫ్ పెన్ను కింద పడేసి తన పేరు చెప్పి, మా దాదీ మదీనా అని జంపఖానా వైపు వేలు చూపించాడు. ముసుగుల్లోంచి నౌరీన్ బయటపడింది, వాళ్ల క్లాసు శ్రావణ్ బయటపడ్డాడు. నలభై మందీ ప్లేట్లు గాల్లోకి ఎగరేసి ఎవరి పేరు వాళ్లు, ఎవరి అవ్వ పేరు వాళ్లు అరిచారు. మైకతను ముందే చెప్పిన ప్రకారం క్రమశిక్షణ గీతం పెట్టాడు. ఎవరూ పాడలేదు, అందరూ దానికి చిందులేశారు. ముత్తెమ్మ తన పేరు ఏ పిల్లా చెప్పలేదని అలిగి, తానే లేచి నిలబడి చెప్పుకుంది.

నాగేందర్ సార్ భీమన్న గారి మొహం చూశారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. మైకు ఇస్తే, ప్రియమైన విద్యార్థినీ విద్యార్థులారా అని మొదలుపెట్టి ఆగారు. మైదానమంతా ఊ అంది.

"నా పేరు భీమన్న. మా తాత పెట్టిండు" అని చెప్పి ఆయన కూర్చున్నారు. ఆ బడి మొదలైనప్పటి నుంచి అంత చిన్న ఉపన్యాసం, అన్ని చప్పట్లు ఎప్పుడూ లేవట.

జనం వెళ్లిపోతుంటే నాగేందర్ సార్ గేటు దగ్గర నిలబడి, కొత్తగా ఉండాలని తానే చెప్పానని ఒక్కొక్కరికీ చెబుతున్నారు. నన్ను చూసి పక్కకు వచ్చారు.

"మేడమ్, గా ముచ్చట మనం కొట్టేసినం గదా?"

"కొట్టేశాం సార్."

మంచిగనే అతికింది అన్నారు. ఆయన ఎర్ర పెన్ను ఇంకా నా సంచిలోనే ఉంది, తీసి ఇచ్చేశాను. నా సొంత ఎర్ర పెన్ను సంగతి మాత్రం ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో రుచిత నోట్‌బుక్కుల మీదికి అది ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు.

మర్నాడు శనివారం. పసుపు బస్తాల ట్రాలీలు రోడ్డు మీద వరసగా పోతున్నాయి, అరుగు మీదంతా పచ్చటి దుమ్ము. ముగ్గురూ చాటలు ముందేసుకున్నారు. రుచిత లెక్కల పుస్తకం పట్టుకుని వాళ్ల అవ్వ వీపుకు ఆనుకుని కూర్చుంది, వారం రోజుల తర్వాత. ఇంకో కథ చెప్పమన్నారు. రాసుకోవాలి, ఇంకా ఏమీ రాయలేదన్నాను.

"కాయితం ఎందుకే? మీ దొంకేశ్వర్ల ఎట్ల మాట్లాడుదురో గట్ల జెప్పు" అంది అత్తమ్మ.

దొంకేశ్వర్ మా పుట్టింటి ఊరు. ట్రైనింగ్ కాలేజీలో మొదటి రోజు నేను లేచి మాట్లాడితే క్లాసంతా నవ్వింది. ఆ సాయంత్రం నుంచి మా ఊరి మాట నా నోట్లోంచి రాలేదు. పదిహేనేళ్లు. ఈ కథ రాస్తుంటే కూడా చెయ్యి ఆ అలవాటు పోనివ్వడం లేదు, చూస్తున్నారుగా.

గోడకు ఆనుకుని కూర్చున్నాను. చేతిలో కాగితం లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒక ఊళ్లె ఒక పొల్ల ఉండె" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడి ఆగిపోయాను.

రుచిత లెక్కల పుస్తకంలోంచి తలెత్తలేదు.

"ఊ" అంది.